బిళ్ల పెట్టని పాట

ఆదివారం, సూర్యాపేట

చిన్నాయన కోదాడ నుంచి ఫోన్ చేసినప్పుడే అనుకున్నాను, ఈసారి వదలకూడదని. ఆయన షష్టిపూర్తికి మా నాన్న మైక్ సెట్ నడిపిన కాలంనాటి గ్రామఫోన్ రికార్డుల్లోని పాటలు కావాలట. "జర పెన్‌డ్రైవ్‌ల ఎక్కియ్యి బిడ్డా, అన్న యాదికొస్తడు" అన్నాడు. అన్న యాదికొస్తాడట!

మిర్యాలగూడలో పంపకాల గొడవ రోజున, నాన్నకు ప్రాణమైన పెళ్లిపాట రికార్డు మీద సూదిని బరబరా ఈడ్చింది ఈయనే. నేను తలుపు దగ్గర నిలబడి చూశాను. అప్పటినుంచి ఆ పాట ఒకే మాట దగ్గర ఆగి తిరుగుతూ ఉంటుంది. గీత ఎలా పడిందో నాన్న ఎవరికీ చెప్పలేదు. పెళ్లిళ్లలో సూది తల మీద రూపాయి బిళ్ల పెట్టి, ఆ బరువుతో గీతను దాటించేవాడు.

వారం రోజులుగా ఒక్కో రికార్డూ తుడిచి, లాప్‌టాప్‌లోకి ఎక్కించి, చిటపటలన్నీ తీసేశాను. ఆ ఒక్క పాటకు మాత్రం బిళ్ల పెట్టలేదు. తిరిగినంతసేపు తిరగనిచ్చి, అలాగే ఉంచాను. నాన్న ఉంటే నా చెయ్యి విరగ్గొట్టేవాడు.

ఇవాళ ఫంక్షన్ హాల్లో పెద్ద పెద్ద బాక్సుల్లోంచి అదే మాట మళ్లీ మళ్లీ మోగింది. చుట్టాలంతా నవ్వారు. నా కడుపు చల్లబడింది.

చిన్నాయన నవ్వలేదు. మెడలో దండతోనే స్టేజీ దిగి వచ్చి, మెల్లగా అడిగాడు.

"సూది మీద బిళ్ల పెట్టలేదా బిడ్డా?"

అంటే, నాన్న ఆ బిళ్లతో అన్నేళ్లూ ఎవరి తప్పు దాచాడో ఆయనకు తెలుసు.

"పెట్టేటాయన లేడు కద చిన్నాయనా" అన్నాను.