పరాయోని పళ్లెం

శామ్యూల్ అన్నా, ఈ ఉత్తరం రాయకనే పోదును. సమాధిల ఉన్నోనికి ఉత్తరం చదవనీకి కండ్లద్దాలు కావాల్నా వద్దా అని ఆలోచించుకుంటనే సగం పొద్దు పోయింది. కానీ నువ్వు పోయి ఇయ్యాల్టికి ఏడాది.

మన చిన్న లూథరన్ యూనివర్సిటీ మెస్సుల నువ్వు పెట్టిన రివాజు నడుస్తనే ఉన్నది. సాయంత్రం ప్రార్థన కాంగనే పిల్లలు గేటు దిక్కు బల్ల మీద ఒక పళ్లెం ఎక్కువ పెడ్తరు, శామీర్‌పేట రోడ్డున ఆకలితో పోయెటోని కోసం. ఎవరని అడగొద్దన్నవు. లారీ డ్రైవర్లు తిన్నరు. ఒకసారి అలిగొచ్చిన పెండ్లికొడుకు గూడ తిన్నడు, బాసింగం తియ్యకుంటనే.

నెల రోజుల సంది ఒకడే వస్తాండు. తెల్ల చొక్కా. కారు దూరంగ ఆపుతడు, నేను వండిన పప్పు మెచ్చుకుంటడు. విల్లాలు కట్టెటోళ్లకు భూములు ఇప్పిచ్చెటోడని వాచ్‌మన్ మస్తాన్ చెప్పిండు. మొన్న ఆయన మేరీని అడిగిండు: "బిడ్డా, మీ యూనివర్సిటీ జాగ హద్దురాయి యాడున్నది?" ఆ పిల్ల సూరారం ఫ్యాక్టరీ కూలీ బిడ్డ, మన దగ్గర ఫీజు లేకుంట చదువుతాంది. దగ్గరుండి చూపిచ్చొచ్చింది.

"ఆయన ఎవరో ఎర్కేనా?" అని అడిగిన.

"అడగొద్దు గద తాతా!" అని నవ్వింది.

యూనివర్సిటీ నడిపే పెద్ద సారుకు ఈ సంగతి చెప్పిన. ఆయన లేచి కిటికీ మూసిండు.

"మంచిగ వడ్డించు," అన్నడు.

ఇయ్యాల ఆ తెల్ల చొక్కాయన ఇంకో ముగ్గురిని తోలుకొచ్చిండు. పిల్లలు మురుసుకుంట జరిగి, ఇంకో మూడు పళ్లాలు పెట్టిండ్రు. నేను పప్పుల నీళ్లు కలిపిన.