అవగాహన లోపం

సోలార్ పొయ్యిల పథకం అధికారి గారికి,

తార్నాకలో యూనివర్సిటీ గేటు పక్కన ఇడ్లీ బండి నడుపుకుంటున్నాను. మీరిచ్చిన సోలార్ పొయ్యి నేను వాడడం లేదని, కారణం ‘అవగాహన లోపం’ అని నోటీసు పంపారు. వారంలో వాడకపోతే బండి పర్మిషన్ రద్దట.

మీ అవగాహన సదస్సుకు నేను వచ్చాను సార్. క్యాంపస్ హాల్లో పట్టపగలు కర్టెన్లు మూసి, లైట్లన్నీ వేసి, ఏసీలో కూర్చోబెట్టి మాకు కరెంటు పొదుపు నేర్పారు. మా అత్త బుచ్చవ్వ లేచి, “సారూ, పొద్దు పొడవకముందే ఇడ్లీలు దించాలె. గప్పుడు ఎండ యాడికెల్లి వస్తది?” అని అడిగింది. “ప్రశ్నలు చివర్లో అమ్మా” అన్నారు మీరు. చివర్లో ఆ పొయ్యి పట్టుకుని మాతో ఫొటో దిగి కారెక్కారు.

లాలాగూడ రైల్వే వర్క్‌షాపుకు పనికి పోయేవాళ్లు ఆరింటికల్లా నా దగ్గర తిని వెళ్లిపోతారు. ఎండ ఎక్కేసరికి నేను గిన్నెలు కడుక్కుంటూ ఉంటాను. అప్పుడు మీ పొయ్యి బ్రహ్మాండంగా వేడెక్కుతుంది. దాని మీద మసిగుడ్డలు ఆరేస్తున్నాను. వాడడం లేదనకండి.

నాకు అవగాహన వచ్చింది. రావలసింది సూర్యుడికే. రేపు తెల్లవారుజామున నాలుగున్నరకు బండి దగ్గరికి వచ్చి, ఆయనకూ ఒక సదస్సు పెట్టండి.

ఇట్లు,
మీ ఫొటోలో ఎడమవైపు నిలబడ్డ లబ్ధిదారు