నురగ లేని దొప్ప

ధవళేశ్వరం,
ఫాల్గుణ మాసం, ఆదివారం.

అక్క నూకాలమ్మకు తమ్ముడు అప్పన్న దండాలు పెట్టి రాయించుకునేది. ఇక్కడ నేను క్షేమం. నువ్వూ, తమ్ముడు సత్తియ్యా, మరదలూ, మేనత్తా అందరూ గంగమ్మ చల్లని చూపులో ఉన్నారని తలుస్తాను. నీ మోకాలి నొప్పి ఎలా ఉంది? బాగానే ఉందని అబద్ధం చెప్పించకు. మాటలు నావే గాని రాసేది మిషను బడి రత్నం పంతులు గారు. కాస్త దువ్వి, పాపిడి తీసి రాస్తున్నారు కాబట్టి తమ్ముడికి ఇంత తెలివి ఎక్కడిదని కంగారుపడకు.

పని బాగానే ఉంది. లాకు దగ్గరికి పడవ వస్తే తలుపులు తిప్పడం, నీళ్ళు సమమయ్యాక వదలడం. ఎండలు ముదిరాయి, గోదావరి సన్నబడి ఇసుక తిన్నెలు పైకొచ్చాయి. తిండికి లోటు లేదు. కాకపోతే మన వైపు నుంచి ఎండుచేపల పడవ వస్తే ఆ వాసనకే ప్రాణం ఇంటికి పరిగెడుతుంది. వచ్చిన కొత్తలో సముద్రం చప్పుడు లేక చెవులు దిబ్బడేసినట్టుండేది. పలకరించే మనిషి లేడు. పొద్దు వాలి కల్లుకుండలు చెట్టు దిగే వేళకి నా కాళ్ళు వాటంతటవే నడిచేవి. ఆ సంగతి నీకు నేను చెప్పాలా?

అలా వెళ్తుంటేనే ఒక సాయంత్రం మిషను బడి అరుగు మీద పదిమంది తాటాకు దొప్పలు పట్టుకుని కూర్చుని ఉన్నారు. కొత్త కల్లుపాక పెట్టారనుకున్నాను అక్కా. చనువుగా వెళ్ళి కూర్చుని, ఆకు మడిచి పట్టాను. ఒక పెద్దాయన పోశాడు. అలవాటు కొద్దీ నురగా చీమలూ పక్కకి పోయేలా ఉఫ్‌మని ఊది నోట్లో పెట్టుకుంటే, కల్లు కాదు, చల్లని చోడంబలి. అరుగంతా ఒకటే నవ్వు. పోసిన ఆయన వీర్రాజు గారు, పడవలు నడిపిన ముసలి సరంగు.

"ఏంట్రా అబ్బాయ్, ఊదుతున్నావ్? నురగ కోసమా?" అన్నాడు. "ఇక్కడున్నోళ్ళంతా మొదటిరోజు ఊదినోళ్ళమే. కూర్చో."

అందరూ నాలాంటివాళ్ళే. కల్లు దిగే ఆ వేళ ఒంటరిగా ఉండలేక ఒకచోట చేరతారు. నార పేనుకుంటూ, అంబలి తాగుతూ, ఆ రోజు ఎంత కష్టమైందో ఒకరికొకరు చెప్పుకుంటారు. రత్నం గారు చివర్లో ప్రార్థన చేస్తారు. "మా ప్రార్థనకి ఉండాలని లేదండి, ఉండాలనిపిస్తే ఉండండి" అన్నారు. నేను ఉంటాను, మనసులో గంగమ్మనే తలుచుకుంటాను. ఆయనకి తెలుసు, ఏమీ అనరు.

మధ్యలో ఒకసారి తప్పి కల్లుపాకకి పోయాను. మర్నాడు తల వంచుకుని వెళ్తే ఎవరూ సంజాయిషీ అడగలేదు. వీర్రాజు గారు ఆకు మడిచి చేతిలో పెట్టారు, అంతే. ఆ తర్వాత ముట్టలేదు. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదని మేనత్త అంటుంది కదా, ఆవిడకి చెప్పు. ఇప్పుడు అన్నం రుచి తెలుస్తోంది. నేను బాగున్నాను అక్కా, నిజంగానే బాగున్నాను.

అసలు సంగతికి వస్తాను. ఉగాది వెళ్ళాక కొత్త నావ దింపుతున్నామని సత్తియ్య కబురు పంపాడు. నాకెంత సంతోషమైందో చెప్పలేను. కానీ గంగమ్మకు కల్లు సాక పోశాక దొప్పలో మిగిలింది ఇంటి పెద్ద మగాడు తాగాలి కదా, అది నేనే కదా. ఆ కబురు అందినప్పటి నుంచి నాకు భయం పట్టుకుంది. ఆ ఒక్క దొప్పతో ఆగే మనిషిని కాను. తాగితే మళ్ళీ ఈ అరుగు ఎక్కను, అది నాకు తెలుసు. తాగకపోతే నావకి అరిష్టం తెచ్చానంటారు. రాకుండా ఉందామంటే మనసొప్పదు.

అరుగు మీద ఈ మాటే చెప్పుకుని ఏడ్చాను. వీర్రాజు గారు అన్నారు: "సాక అమ్మవారిది. మిగులు కూడా ఆవిడకే పోసెయ్యండ్రా. ఎక్కువైందని ఆవిడేమన్నా అంటుందా?"

అందుకని నిన్ను ఒకటి అడుగుతున్నాను. ఏరు సముద్రంలో కలిసే ఆ మొగ దగ్గర నాన్న నావ మునిగిన నాటి నుంచి మమ్మల్ని సాకింది నువ్వు. ఇంటికి పెద్ద నువ్వే. ఆ రోజు దొప్ప నువ్వు పట్టుకుని, సాక పోసి, మిగిలిందంతా నావ ముక్కు మీద వంచెయ్యి. నేను నీ పక్కన నిలబడి తాడు పట్టి లాగుతాను. సరేనంటే ఎండుచేపల పడవ సరంగుతో చెప్పించు, బయల్దేరతాను. కాదంటే రాను. కోపం మాత్రం పెట్టుకోకు.

మేనత్తకీ, పెద్దలందరికీ దండాలు. మరదలికి, పిల్లలకి దీవెనలు. వచ్చే పడవలో కాసిని ఎండుమెత్తళ్ళు పంపు. నీ చెయ్యి నా తల మీద ఉందనుకునే రోజూ లాకు దగ్గరికి వెళ్తున్నాను.

మగాడు తాగని నావ మొగ దాటుతుందా అని ఊళ్ళో ఎవరైనా అడిగితే, నాన్న పద్ధతి తప్పకుండా అడుగంటా తాగే బయల్దేరాడని చెప్పు.

నీ దీవెన కోరే తమ్ముడు,
అప్పన్న