రబ్బరు మీద నల్లమరక

పేట,
9 ఫిబ్రవరి 2014

అన్నయ్యకు నమస్కారాలు.

ఇక్కడ అమ్మా, నాన్నా, వదినా, నేనూ బాగానే ఉన్నాం. గుజరాత్‌లో ఆ వెరావల్ రేవులో నువ్వూ, నీ బోటు వాళ్ళూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఈ ఉత్తరం కూర్మయ్య మావ చేతికిస్తున్నాను, రేపు ఆమదాలవలసలో రైలెక్కుతున్నాడు. ఫోన్లో చెప్పొచ్చు కదా అంటావు. నీ ఫోన్ వస్తే అమ్మ స్పీకర్ పెడుతుంది, పక్కింటి తాతమ్మ కూడా వచ్చి కూర్చుంటుంది. ఇది అలా చెప్పేది కాదు.

ముందు నువ్వడిగిన వాటికి జవాబులు. అమ్మ మోకాలి నొప్పి తగ్గింది. మళ్ళీ చేపల గంప ఎత్తుకుని బజారుకి వెళ్తోంది, వద్దంటే వినదు. నాన్న చిరిగిన వల బాగుచేసుకున్నాడు. ఇక, ల్యాప్‌టాప్ ఎందుకు పాడైంది, ఝాన్సీ దాన్ని ఒడ్డుకి తీసుకెళ్ళిందా అని అడిగావు. వదిన తీసుకెళ్ళలేదు.

పోయిన నెల ఒక పొద్దున్న వదిన మీట నొక్కితే లైటు వెలిగింది, ఫ్యాను తిరిగింది, మూడుసార్లు కూత పెట్టింది. తెర మాత్రం నల్లగానే ఉండిపోయింది. బ్యాటరీ తీసి పెట్టాం, ఛార్జరు మార్చి చూశాం. లాభం లేదు. మండలాఫీసులో కంప్యూటర్ పనికి వదినకి టైపింగ్ పరీక్ష దగ్గర పడింది. ఆమె కంగారు చూసి నాన్న ఇంజను ఆయిలు సీసా పట్టుకొచ్చాడు.

"ఉప్పుగాలి తినేసినాది. మోటారుకేసినట్టు రెండు సుక్కలెయ్యండి, పరిగెడతాది."

వదిన దాన్ని ఒళ్ళో దాచుకుని, "మావా, ఇది బోటు కాదు" అని నవ్వేసింది.

ఆయిలు పనికిరాదు గానీ దారి చూపించింది నాన్నే. మోటారు లేవకపోతే ప్లగ్గు ఊడదీసి గరుకు కాగితంతో గీకుతాడు కదా. మధ్యాహ్నం అందరూ వల దగ్గరుంటే నేను ల్యాప్‌టాప్ వెనక మరలు విప్పాను. కాలేజీ ల్యాబులో సార్ చూపించిన మెమరీ ముక్కని బయటికి తీశాను. దాని అంచున రాగి పళ్ళ వరస మసకబారి ఉంది. నా పెన్సిల్ రబ్బరుతో రుద్దితే మెరిసింది. తిరిగి పెట్టి నొక్కాను.

వెలిగింది అన్నయ్యా.

తెర మీద నువ్వూ వదినా. పెళ్ళయిన వారం అరసవల్లిలో తీసుకున్న ఫోటో. ఆ రోజు నేనూ మీ పక్కనే నిలబడ్డాను. నన్ను కత్తిరించేశారు. అంచున నా భుజం ఒక్కటే మిగిలింది.

ఆపేశాను. ముక్కని మళ్ళీ ఊడదీసి నా జామెట్రీ బాక్సులో దాచాను. సాయంత్రం అందరితో "పోయింది, ఇంక రాదు" అన్నాను.

నాకు కుళ్ళు. మన ఇంట్లో మొదట కాలేజీకెళ్ళింది నేను. నీ ఉత్తరాలు అమ్మకి చదివి పెట్టింది నేను. నువ్వు పంపే మూట మీద ఎప్పుడూ నా పేరే ఉండేది. మీ బోటు సేఠ్ కొడుకు వాడి వదిలేసిన ఈ ల్యాప్‌టాప్ వచ్చినప్పుడు, మూట మీద నా పేరు కోసం తిప్పి తిప్పి వెతికాను. 'ఝాన్సీకి' అని ఒక్క మాటే ఉంది.

పదకొండు రోజులు వదిన అట్ట మీద అక్షరాలు గీసుకుని దాని మీదే వేళ్ళు ఆడించింది. నువ్వు ఫోన్లో అందరూ వింటుండగా తిట్టినప్పుడు తల దించుకుని నిలబడింది. నేను పక్కనే ఉన్నాను. నోరు విప్పలేదు.

పరీక్షకి మూడు రోజుల ముందు, అట్ట మీద ఒక అక్షరం తప్పు గీసి నా రబ్బరు తీసుకుంది. దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇదేటే అరుణా, ఇంత నల్లగున్నాది? మా అయ్యకి ప్లగ్గులు గీకితే సేతులిలాగే ఉంటాయి."

నా మొహం చూసింది.

"ఎన్నాళ్ళయినాదే బాగయ్యి?"

జామెట్రీ బాక్సు తెరిచి ఆమె ముందు పెట్టాను. తిడుతుందనుకున్నాను. ముక్కని ఎలా పెట్టాలో అడిగి తనే పెట్టుకుంది. తెర వెలిగాక అంది:

"మీ అన్నకి సెప్పకు. నన్ను తిట్టడం ఎలాగూ అయిపోనాది. మళ్ళీ నిన్నెందుకు?"

సోమవారం పరీక్ష రాసింది. ఆఖరి పేరా పూర్తి కాలేదట. ఫలితం ఇంకా రాలేదు. ఆ పని రాకపోతే ఆమెని ఒక్క మాట అనకు. ఆ పదకొండు రోజులూ నేను లాక్కున్నవి. తిట్టాలంటే నన్ను తిట్టు, స్పీకర్‌లోనే తిట్టు.

ఇదంతా రాశానని నా కుళ్ళు పోయిందనుకోకు. ఆమె నన్ను కాపాడాక ఇంకా పెరిగింది. అందుకే ఒకటి అడుగుతున్నాను. ఈసారి మూట పంపితే ఝాన్సీ పేరు కింద నా పేరు కూడా రాయి. లోపల నాకేమీ పెట్టకపోయినా సరే.

ఇట్లు,
నీ చెల్లెలు
అరుణశ్రీ