ఇటలీకి మోసుకెళ్లే మూటలు

బాపు పాదాలకు, అమ్మ పాదాలకు మొక్కి, మీ నర్సింహులు జర్మనీ నుంచి రాసుకునే సంగతులు.

నేను ఇక్కడ బాగున్నాను. ఉత్తరం మొదట్లో రాయాలి కాబట్టి రాసిన మాట కాదు, నిజంగానే బాగున్నాను. దగ్గు పూర్తిగా పోయింది. నందికొండ ఆనకట్ట క్యాంపులో మీరందరూ ఎట్లా ఉన్నారు? ఎండలు ముదిరే రోజులు వచ్చాయి. రాళ్ల మీద పనిచేసేటప్పుడు తువ్వాల తడిపి తలకు చుట్టుకుంటున్నావా బాపూ? అమ్మ మోకాళ్ల నొప్పి తగ్గిందా? అక్క రాత్రిబడి మానలేదు కదా? ఈ ఉత్తరం అక్కే చదివి వినిపించాలి, గుమాస్తా దగ్గరికి తీసుకుపోవద్దు. అక్కా, తడబడినా ఫరవాలేదు. నీ కోసమే అక్షరాలు పెద్దవిగా రాశాను.

ఇక్కడ చలి వెనకపట్టు పట్టింది. చూరుల మీద గడ్డకట్టినది కరిగి పగలంతా బొట్లు బొట్లుగా కారుతోంది. మన దగ్గర పొద్దున్నే గడ్డి మీద మెరిసేదాన్నీ మంచు అనే అంటాం, ఇక్కడ మోకాళ్ల దాకా పడేదాన్నీ మంచు అనే రాయాల్సి వస్తోంది. అంత చిన్న మాట ఇంత బరువు మోయగలదా అని నాకు అనుమానం. ఈమధ్య నాకు మాటల పిచ్చి పట్టింది. జర్మన్ మాటలు బడిలో, ఇటాలియన్ మాటలు బసలో నేర్చుకుంటున్నాను. కొత్త మాట ఒకటి దొరికితే ఆ పూటంతా జేబులో బెల్లం ముక్క ఉన్నట్టే ఉంటుంది.

చదువు బాగా సాగుతోంది. పొద్దున బడి, మధ్యాహ్నం నుంచి బట్టల మిల్లులో పని నేర్చుకోవడం. మొదట్లో నూలు తెగితే ముడి వేయడానికి నా వేళ్లు తిరిగేవి కావు. ఇప్పుడు మా మేస్త్రీ నా వైపు చూడకుండానే వెళ్లిపోతున్నాడు. చూడకపోవడమే ఆయన మెచ్చుకోలు.

కిరాయి తక్కువని నేను ఇటలీ కూలీలు ఉండే పొడవాటి రేకుల కొట్టంలో ఉంటున్నానని ఇదివరకే రాశాను. మన క్యాంపు గుడిసెల వరస లాంటిదే. ఇంటి మీద బెంగ వచ్చినప్పుడు అది గుర్తు చేసుకుంటే సగం తగ్గుతుంది. వీళ్లూ మనలాగే పని వెతుక్కుంటూ ఊరు విడిచి వచ్చినవాళ్లు. మాలో పెద్దవాడు మారియో, ఉత్తరాన ఉన్న వెరోనా అనే ఊరివాడు. ఆదివారం ఆయన మక్కపిండి ఉడికించి కట్టెతో కలుపుతుంటే చూసి నేను ఎగిరి గంతేశాను. అది అచ్చంగా మన మక్క గట్కే! అవ్వకు చెప్పండి, పెద్దకూర ముట్టనని ఆమెకు ఇచ్చిన మాట తప్పలేదు. గట్క, టమాటాలు, వెల్లుల్లి, ఎండుమిర్చి వేసిన సేమ్యా, రొట్టె, వీటితో కడుపు నిండుతోంది.

నా పక్క మంచం సాల్వతోరేది. నాకంటే కొంచెం పెద్దవాడు. దక్షిణాన సముద్రం ఒడ్డున ఉన్న నేపుల్స్ అతని ఊరు. అక్కడ క్షవరం పని చేసేవాడు. మారియోకూ అతనికీ రోజూ మాటల కొట్లాటే. వాళ్లు సగం జర్మన్, సగం ఇటాలియన్ కలిపి మాట్లాడతారు, నేను మీకు మన మాటల్లో రాస్తున్నాను.

"గట్క తినేటోళ్లకు రుచేం దెలుస్తది?" అంటాడు సాల్వతోరే.

"నీకు దెలుసా? మట్టి పిసుక్కునేటోనివి, నువ్వు నాకు వంట నేర్పుతవా?" అంటాడు మారియో. అక్కడ దక్షిణమోళ్లను ఉత్తరమోళ్లు అట్లాగే వెక్కిరిస్తారట.

హైదరాబాదు కాలేజీలో సర్కారు జిల్లాల పిల్లలు నా మాటను వెక్కిరించడం గుర్తొచ్చి నాకు నవ్వాగలేదు. ఇంత దూరం వచ్చినా ఉత్తరమోళ్లు, దక్షిణమోళ్లు తప్పలేదు.

ఇక అసలు సంగతి. ఈస్టర్ పండుగకు మిల్లు, బడి మూసేస్తారు, ఆ సెలవుల్లో ఇటలీ చూసి రావాలని ఉంది అని కిందటి ఉత్తరంలో రాశాను. బాపూ, దానికి నువ్వు అక్కతో రాయించిన మాట నా ముందే ఉంది: "సదువుకోను పోయినవా బిడ్డా, దేశాలు తిరగను పోయినవా?" నీ ప్రశ్నకు జవాబు చెప్పడానికే ఇవాళ కూర్చున్నాను.

మొదట నేను వేసుకున్న లెక్క ఇది. విద్యార్థులకు రైలు కిరాయిలో తగ్గింపు ఇస్తారు. కొండలు దాటగానే వెరోనా, ఆ తర్వాత ఫ్లోరెన్స్, రోమ్, చివర నేపుల్స్. రోమ్ పక్కన పాతకాలపు రాతి కాలువలు ఉన్నాయట. కమానుల మీద నీళ్లను మైళ్ల దూరం నడిపించారట. నువ్వు రాయి మీద రాయి పెట్టే మనిషివి. ఆ రాళ్లను తడిమి చూసి నీకు చెప్పాలని నా ఆశ. రొట్టె, జున్ను సంచిలో పెట్టుకుంటే తిండికి ఫికర్ లేదు. పడుకోవడానికి జాగా దగ్గరే లెక్క తప్పుతోంది. ఎంత చవక సత్రమైనా అన్ని ఊళ్లంటే నా వల్ల కాదు.

నేను పోతున్నానని తెలియగానే మారియో ఒక మూట తెచ్చి నా మంచం మీద పెట్టాడు. వీళ్లు ఎండకాలపు పెద్ద సెలవులకే ఇళ్లకు పోతారు, ఇప్పుడు పోతే ఆ కిరాయి దండగ అనుకుంటారు.

"గిది మా ఇంట్ల ఇచ్చిపో. మా ఆమె నిన్ను తినకుండ పోనియ్యదు. పండుకోను జాగా గూడ ఇస్తది. నేనెట్లున్ననో జర మంచిగ చెప్పు, బట్టతల సంగతొక్కటి చెప్పకు" అన్నాడు.

బాపూ, నాకు మన ముఠా గుర్తొచ్చింది. పని దగ్గరి నుంచి ఒకడు ఊరికి పోతుంటే అందరూ వాని చేతికి మూటలు ఇస్తారు కదా. వాడు ఇంటింటికీ పోయి, కూర్చుని, పెట్టింది తిని, వాళ్ల మనిషి ఎట్లా ఉన్నాడో చెప్పి రావాలి. ఇక్కడా అదే పద్ధతి! ఫ్లోరెన్స్‌కు ఒక మూట వచ్చింది, రోమ్‌కు ఒకటి వచ్చింది. ప్రతి ఊళ్లో నాకు ఒక ఇల్లు దొరికింది.

చివరగా సాల్వతోరే ఒక ఉన్ని దుప్పటి తెచ్చాడు.

"మా అమ్మకియ్యి. మంచిగున్న అని చెప్పు. చెయ్యి సంగతి మాత్రం ఎత్తకు."

మొన్న చలికాలంలో అతని కుడి చెయ్యి యంత్రంలో చిక్కి రెండు వేళ్లు పోయాయి. ఇప్పుడు బట్టల మూటలు కట్టే పని చేస్తున్నాడు. కొడుకు డబ్బు కూడబెట్టుకుని వచ్చి క్షవరం దుకాణం పెడతాడని ఆ తల్లి ఎదురుచూస్తోంది. ఆమెకు ఈ సంగతి తెలియదు.

అప్పటికి సరే అన్నాను. నేపుల్స్‌లో సముద్రం కనిపించే ఇంట్లో పడుకోవచ్చని సంబరపడ్డాను కూడా. కానీ దుప్పటి మడతపెట్టి సంచిలో సర్దుతుంటే బాలయ్య కాక మనసులోకి వచ్చాడు.

నువ్వు రాయచూరు అవతల చెరువు కట్ట పనికి పోయిన ఏడు నీ కాలు విరిగింది. ఇంట్లో చెప్పొద్దని నువ్వే బాలయ్య కాకకు చెప్పి పంపావు. కాక వచ్చాక మన గడపలో ఏం జరిగిందో నువ్వు చూడలేదు, నేను చూశాను. కాక మూట ఇచ్చి, "అన్న మంచిగున్నడు" అని చెప్పి నిలబడే ఉన్నాడు. అమ్మ పళ్లెంలో జొన్నరొట్టె పెట్టింది.

"ఆకలైతలేదు వదినె" అన్నాడు.

"గంత దూరం నడిసొచ్చినోనికి ఆకలెందుకు గాదు?" అంది అమ్మ. కాసేపు కాక మొహంలోకి చూసి, "నిజం చెప్పు బాలయ్యా, మనిషున్నడా?" అని అడిగింది.

కాక ఏడ్చి అంతా చెప్పాడు. కాలే కదా, మనిషి ఉన్నాడు కదా అని అమ్మ గట్టిగా ఊపిరి పీల్చుకుంది. "ముందుగాల తిను" అని కాకను కూర్చోబెట్టింది. తెల్లారి రొట్టెలు మూట కట్టుకుని నీ దవాఖానకు బయలుదేరింది. ఆమెను చూసి నువ్వు మొహం గోడకు తిప్పుకున్నావట, కానీ రొట్టె తిన్నావట. అది అక్క చెప్పింది.

మర్నాడు నేను దుప్పటి సాల్వతోరేకు తిరిగి ఇచ్చేశాను. మా ఇంటి సంగతి చెప్పి, మీ అమ్మ పెట్టింది నేను తినకపోతే ఆమెకు తెలిసిపోతుంది, తింటే నాకు గొంతు దిగదు అన్నాను.

"దుప్పటిచ్చి రమ్మంటే ధర్మం జెప్తున్నవ్. సదువు ఎక్కువైంది నీకు" అని విసురుగా లాక్కున్నాడు.

తర్వాత చాలా రోజులు నాతో మాట్లాడలేదు. మంచాలు పక్కపక్కనే, కానీ నేను లేనట్టే ఉండేవాడు. ఆ రోజుల్లో నేను ఒక్క ఇటాలియన్ మాట కూడా నేర్చుకోలేదు. నా ప్రయాణపు లెక్కలోంచి నేపుల్స్ కొట్టేసి రోమ్ దగ్గర ఆపేశాను. నాది తప్పేమో అని కూడా అనిపించింది. చేతి బాధ అతనిది, చెప్పడమో చెప్పకపోవడమో అతని ఇష్టం కదా అని. నిన్ను అడుగుదామంటే నువ్వు ఒకప్పుడు అతని వైపు మనిషివే!

మొన్న ఆదివారం నేను చదువుకుంటుంటే సాల్వతోరే వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. మెడ మీద తువ్వాల, ఎడమ చేతిలో కత్తెర.

"కూసో" అన్నాడు.

"దేనికి?"

"మా అమ్మ ముంగట గీ జులపాలతోని నిలబడతవా?"

అతను నా తల వంచి కత్తిరించడం మొదలుపెట్టాడు.

"మారియో, చూస్తున్నవా, చెవులున్నయా?" అని నేను అరిచాను.

"ఇప్పటికైతే రెండున్నయి" అన్నాడు మారియో.

సాల్వతోరే నవ్వలేదు. నా వెనక నిలబడే మాట్లాడాడు. "మీ అమ్మ అడిగిన మాట నా చెవులల్ల నుంచి పోతలేదు. మనిషున్నడా అని. మా అమ్మ గూడ గదే అడుగుతది. నేనే పోత. చెయ్యి నేనే చూపిస్త. నువ్వు జర పక్కన కూసో, గంతే."

వస్తానని చెప్పాను.

క్షవరం ఒక పక్క పొట్టిగా, ఒక పక్క పొడుగ్గా కుదిరింది. అతను అద్దం చూపించి, ఏడాది గడిస్తే ఎడమ చెయ్యి దారికి వస్తుందన్నాడు. ఆ మాట అన్నప్పుడు అతని మొహంలో చాలా రోజుల తర్వాత వెలుగు చూశాను.

ఇప్పుడు లెక్క మారింది. సాల్వతోరేకు దొరికిన సెలవు తక్కువ కాబట్టి పోయేటప్పుడు ఎక్కడా ఆగం. మారియో భార్య వెరోనా స్టేషన్‌కే వచ్చి మూట తీసుకుంటుంది. పండుగనాడు నేపుల్స్‌లో ఉంటాం. అతను ముందుగా తిరిగి వస్తాడు, నేను ఒక్కణ్ణే వస్తూ రోమ్, ఫ్లోరెన్స్ మూటలు ఇచ్చి, నీ రాతి కాలువలు చూసి వస్తాను. చదువుకు ఒక్క రోజు కూడా నష్టం లేదు. బడి తెరిచేనాటికి నా బల్ల దగ్గర ఉంటాను.

బాపూ, నువ్వు సరే అనకుండా టికెట్ కొనను. కానీ ఇది దేశాలు తిరగడం కాదని నీకు తెలిసిందనుకుంటాను. జవాబు వెంటనే రాయించు. ఒక్క ముక్క చాలు.

అమ్మా, హైదరాబాదు నుంచి ఇటు వచ్చేవాళ్లు ఎవరైనా దొరికితే కొంచెం చింతకాయ తొక్కు పంపు. మారియోకు దక్షిణపు కారం ఎట్లా ఉంటుందో చూపించాలి. అవ్వకు దండాలు. బాలయ్య కాకకు, బావకు దండాలు. అక్కా, ఇంతదాకా చదివావంటే నువ్వు గెలిచినట్టే.

బాపూ, నన్ను దీవించేటప్పుడు నా పక్కవాని పేరు కూడా కలుపు. వాళ్లమ్మ తలుపు ముందర అతనికి నాకంటే ఎక్కువ ధైర్యం కావాలి. సాల్వతోరే అని పలకడం కష్టమైతే సాలయ్య అను. దేవునికి అర్థమవుతుంది.

మీ పాదాల చెంత పెరిగిన కొడుకు,
నర్సింహులు