మహామంత్రి గొంతు మారింది

మార్చి 4, మంగళవారం

మామగారి కంటి ఆపరేషన్ అయింది. రెటీనా ఊడిందట. అతికించి, కంట్లో గ్యాస్ బుడగ పెట్టారు. రెండు వారాలు బోర్లా పడుకోవాలి. బుడగ కరిగి చూపు తేలడానికి నెల పైనే పడుతుంది. "పూర్తిగా వస్తుందా?" అంటే డాక్టరు "చూద్దాం" అన్నాడు. ఆ మాట మాకెవరికీ నచ్చలేదు. ఆయన రెండో కన్ను చిన్నప్పటి నుంచీ పేరుకే కన్ను.

ఆయన బెంగ మాత్రం వేరు. బూడిదరేవు డ్రాగన్ కథల ఐదో భాగం! నాలుగోది వచ్చి పదకొండేళ్లయింది. సరిగ్గా నిన్ననే చేతికొచ్చింది. ఆయన రిటైరైన లెక్కల మాస్టారు, నేను ల్యాబ్‌లో కట్టుడు పళ్ల సెట్లు తయారుచేసేవాణ్ణి. మా ఇద్దరి మధ్యా మాటలంటూ ఉన్నాయంటే ఈ డ్రాగన్ల పుణ్యమే. పెళ్లయి ఎనిమిదేళ్లయినా ఆయన "అల్లుడుగారూ, మీరు" దగ్గరే ఉన్నారు.

ఇవాళ దిండులోంచే అన్నారు: "అల్లుడుగారూ, మీరే చదివి వినిపించాలి. రోజుకో అధ్యాయం. కానీ నాకంటే ఒక్క లైను కూడా ముందుకి వెళ్లకూడదు. ఏం జరిగినా ఇద్దరికీ ఒకేసారి తెలియాలి. చూపు రాకపోతే నాకిదే ఆఖరి పుస్తకం."

"ఒట్టు, మామగారూ!"

నా తీర్మానం:
ఒకటి. ఒక్క లైను ముందుకి చదవను.
రెండు. ఇది అయ్యేదాకా వేరే పుస్తకం ముట్టను.
మూడు. పుస్తకం మామగారింట్లోనే ఉంటుంది.

ఇదేమన్నా బ్రహ్మవిద్యా?

మార్చి 5, బుధవారం

మొదటి అధ్యాయం. అద్భుతం! మంచం పక్కన చాప వేసుకుని చదివాను. బోర్లా పడుకున్నారు కాబట్టి ఆయన ముఖం కనిపించదు. సంతోషమంతా కాలివేళ్లలో తెలుస్తోంది. ముసలి డ్రాగన్ రాగానే పదివేళ్లూ ఆడాయి.

రెండో అధ్యాయం వైపు కన్నెత్తి చూడలేదు. నన్ను నేను మెచ్చుకున్నాను.

మార్చి 9, ఆదివారం

మా ఫాంటసీ, సైన్స్ ఫిక్షన్ అభిమానుల ఫోన్ గ్రూపు. ఆదివారం వస్తే ఒకటే ప్రశ్న: ఇప్పుడేం చదువుతున్నారు?

పశువుల డాక్టరమ్మ: పుట్టగొడుగులే మనుషుల్ని పెంచుకునే గ్రహం కథ.
కళ్లద్దాల షాపాయన: ఒకే మంగళవారం మళ్లీ మళ్లీ వచ్చే పోస్ట్‌మాన్ కథ. మూడోసారి చదువుతున్నాడట.
నేను: ఒక్కటే. బూడిదరేవు ఐదు. ఐదో అధ్యాయం.

వ్యాను డ్రైవరు వెంటనే దిగాడు: "అన్నా, ఐదేనా? నేను రెండ్రోజుల్లో నమిలేశా! ఆ మహామంత్రి ఉన్నాడు చూడు..."

ఫోను సోఫా మీదికి విసిరేశాను.

"దానికేమన్నా దయ్యం పట్టిందా?" అంది మా ఆవిడ.

ఏమిటి చూడటం? ఆ మహామంత్రికి ఏమైంది? పాపం, ఎంత మంచివాడు!

మార్చి 11, మంగళవారం

ఎప్పుడో ఆర్డరు పెట్టిన అంతరిక్షనౌక నవల ఇవాళ ల్యాబ్‌కి వచ్చింది. అట్ట ఎలా ఉందో చూద్దామని విప్పాను. ప్లాస్టర్ గట్టిపడేదాకా చేతులు ఖాళీయే కదా. నలభై పేజీలు అయిపోయాయి.

రెండో తీర్మానానికి చిన్న సవరణ: అది డ్రాగన్లున్న పుస్తకాలకే వర్తిస్తుంది.

మార్చి 12, బుధవారం

ఈ రచయిత పేర్లలో అచ్చులు వాడడు. చదువుతుంటే మా ల్యాబ్‌లో చేసిన సెట్టు కూడా ఊడొచ్చేలా ఉంది. ఇవాళ రాజుగారి పేరు మూడు రకాలుగా పలికాను.

"అల్లుడుగారూ, రాజులు ముగ్గురా?"

సిగ్గేసింది. ముందుగా ప్రాక్టీసు చేసుకోవాలి. ఆ సంగతి చెప్పకుండానే పుస్తకం సంచిలో వేసుకొచ్చాను. రేపటి అధ్యాయం వరకే. ఆయన కోసమే.

మార్చి 13, గురువారం

10.30: తొమ్మిదో అధ్యాయం ప్రాక్టీసు అయింది. పేర్లన్నీ నోటికొచ్చాయి.
10.50: పదో అధ్యాయం శీర్షిక చూశాను. శీర్షిక చూడటం చదవడం కిందికి రాదు.
11.20: మొదటి పేరా ఒక్కటి.
1.00: భోజనం చెయ్యలేదు. పదిహేనో అధ్యాయం. మహామంత్రి ద్రోహి!! ఆ మహామంత్రే!!!
3.00: కలిపిన ప్లాస్టర్ గిన్నెలోనే రాయిలా బిగుసుకుపోయింది. గరిటె నిటారుగా నిలబడింది. "ఇది ఎవరి దవడ?" అని మా ఓనరు అడిగాడు.

ప్రతి పేజీ అంచునా నా తెల్లటి బొటనవేలి ముద్ర. ఫరవాలేదు, ఆయనకి కనిపించదు కదా.

ఈ మాట రాశాక నా మీద నాకే అసహ్యం వేసింది.

మార్చి 15, శనివారం

ఇంతదూరం వచ్చాక ఆగడం మూర్ఖత్వం. పైగా కథ తెలిసినవాడే భావంతో చదవగలడు. సినిమాలో నటులకి కథ ముందే చెప్పరూ?

చివరి అధ్యాయం దగ్గరికి వచ్చేశాను. పేజీ తిప్పబోయాను. చెయ్యి ఆగిపోయింది. ఇది ఆయనది. మూసేశాను.

మార్చి 17, సోమవారం

పదమూడో అధ్యాయం. మహామంత్రి చిన్న యువరాజు తల నిమిరి "నిద్రపో నాయనా" అంటాడు. అంతే, ఇంకేం లేదు.

కాలివేళ్లు ఆగిపోయాయి.

"ఆపు," అన్నారు మామగారు. "నిన్నటిదాకా ఈ మంత్రి మా అమ్మమ్మలా మాట్లాడాడు. ఇవాళ బుసకొడుతున్నాడేం?"

"గొంతు బాగోలేదండీ..."

"నీ గొంతు బానే ఉంది, వాడి గొంతే మారింది. ముందుకి చదివేశావు. ముప్పై ఏళ్లు పరీక్ష హాల్లో నిలబడ్డవాణ్ణి నేను. ఎంతవరకు?"

"చివరి అధ్యాయం ఒక్కటే చదవలేదు. అది మాత్రం మీతోనే..."

"ఆ ఒక్కటీ ఎందుకు వదిలావు పాపం, అదీ కానియ్యకపోయావా?"

నమ్మలేదు. ఎలా నమ్ముతారు? ఎనిమిదేళ్లుగా ఆ "నువ్వు" కోసం చూశాను. వచ్చింది, ఇలా వచ్చింది.

మార్చి 20, గురువారం

ఇప్పుడు అత్తయ్యగారు చదువుతున్నారట. మా ఆవిడ వెళ్లి చూసొచ్చి చెప్పింది.

"డ్రాగన్ వచ్చింది, వెళ్లింది. ఇంక ఈ పేజీలన్నీ కొట్టుకోవడమేనండీ, వదిలేద్దాం" అంటోందట అత్తయ్య. రెక్కల వర్ణన పన్నెండు పేజీలుంది అందులో!

"నాన్న ఏమీ అనట్లేదు. కాళ్లు కదపకుండా పడుకున్నారు," అంది.

ఏడుపొచ్చింది. ఆయన చీకట్లో ఉండి, తన కన్ను నా చేతికిచ్చారు. నేను దాన్ని పట్టుకుని సొంత షికారుకి పోయాను.

మార్చి 21, శుక్రవారం

ఫోను! "అల్లుడూ, వచ్చెయ్. మీ అత్తయ్య మహాయుద్ధాన్ని అరపేజీలో ముగించింది. ప్రాణం పోతోంది."

పరుగెత్తాను. ఆయన కుర్చీలో కూర్చుని ఉన్నారు. షరతు ఒక్కటే: పుస్తకం ఇకనుంచి ఆయన దిండు కింద ఉంటుంది.

"మరి మహామంత్రి గొంతు?"

"ఎలాగూ తెలిసిపోయిందిగా. కొట్టు బుస."

కొట్టాను. మనసారా కొట్టాను.

ఏప్రిల్ 13, ఆదివారం

చివరి అధ్యాయం. బుడగ ఆవగింజంత అయిందట. అయినా వారంగా "చూపు ఎలా ఉంది?" అంటే "మసకే" అనడం తప్ప ఇంకో మాట లేదు. ఇంట్లో ఎవరికీ ముద్ద దిగట్లేదు.

ఇవాళ దిండు కింది నుంచి పుస్తకం తీసి నాకివ్వలేదు. "నేను ప్రయత్నిస్తాను," అన్నారు. దీపం దగ్గరికి జరుపుకుని, భూతద్దం పట్టుకుని, లైను కింద వేలు పెట్టుకుని చదవసాగారు. నెమ్మదిగా, ఒక్కో మాటా.

ముసలి డ్రాగన్ రేవులో దిగి నీళ్లు తాగుతుంది. అంతే, అందులో ఏడవాల్సిందేమీ లేదు. ఆయన గొంతు జీరబోయింది.

"మామగారూ."

"ఊఁ."

"ఆ డ్రాగన్ చచ్చిపోతుంది కదూ?"

భూతద్దం కింద పెట్టేశారు.

"మొన్న పొద్దున్నే అక్షరాలు తేలాయి. తెరిచి చూస్తే పేజీ పేజీకీ నీ ప్లాస్టర్ వేలిముద్రలు. దొంగ ఎందాకా వెళ్లాడో చూద్దామని వెంట వెళ్లాను. ముద్రలు చివరి అధ్యాయం దగ్గర ఆగిపోయాయి. ఒక్క మరకంటే ఒక్క మరక లేదు. నువ్వు చెప్పింది నిజమేరా."

"మరి మీరు ఆగలేదేం?"

"కళ్లొచ్చాయి కదరా! ఎలా ఆగను?"

వంటింట్లోంచి అత్తయ్య: "కనిపిస్తోందని మాకు చెప్పలేదేం? ఇక్కడ మేం చస్తుంటే!"

"చెబితే వీడికి తెలిసిపోదూ!"

నా చివరి అధ్యాయం కాస్తా పాడైపోయింది. ఇంత సంతోషంగా నేనెప్పుడూ లేను. ఆయనే చదివేశారు. ఆ కంటితోనే.

ఏప్రిల్ 14, సోమవారం

గ్రూపులో నిన్నటి ప్రశ్నకి ఇవాళ జవాబు పెట్టాను. ఇప్పుడేం చదువుతున్నారు? అంతరిక్షనౌక నవల. ఇద్దరికీ ఒకే కాపీ. ఒకరోజు ఆయన చదవడం, ఒకరోజు నేను.

కొత్త తీర్మానం, ఇద్దరం సంతకాలు పెట్టాం: ఒక్క లైను కూడా ముందుకి చదవం. ఈసారి గట్టిగా!

మొదటి నలభై పేజీల అంచులు మామగారింటికెళ్లే ముందే తడిగుడ్డతో తుడిచాను. మొదటి వంతు నాదే. కెప్టెన్ మాటలు మాత్రం గుర్తుపెట్టుకుని అచ్చం మనిషి గొంతుతోనే చదవాలి.