ఎమర్జెన్సీలో నా నడక

చిరంజీవి సౌభాగ్యవతి అమ్మాయికి నాన్న దీవెనలు. ఇక్కడ అమ్మా నేనూ కులాసా. అంటే, ఇప్పుడు కులాసా. నువ్వూ అల్లుడుగారూ క్షేమమని తలుస్తాను.

అమ్మను చూసుకోవడానికి ఉద్యోగం మానేసి వచ్చేయనా అని రాశావు. నా అక్షరాలు కోడి గెలికినట్టున్నాయేమనీ అడిగావు. ఆ ఉత్తరం వెల్లకిలా పడుకుని రాశాను తల్లీ. అమ్మను మంచం మీంచి కుర్చీలోకి ఎత్తుతుంటే నడుం పట్టేసింది. కదిలితే ఇంకా చెడుతుందని నేలమీద కర్రలా పడుకున్నాను. చివరికి బాత్‌రూముకు కూడా లేవలేకపోతే పక్కింటి దర్జీ అంబులెన్సు పిలిపించాడు. వాళ్ళావిడ అమ్మ దగ్గర కూర్చుంది.

ఇక ఆపరేషనే అనుకున్నాను. ఎమర్జెన్సీ డాక్టరు మోకాళ్ళు తట్టి చూసి, తిమ్మిర్లున్నాయా, మూత్రం సరిగా వస్తోందా అని అడిగి, భయం లేదన్నాడు. ఒక మాత్ర ఇచ్చి ఫిజియోథెరపీ అమ్మాయిని పిలిచాడు. నీ వయసే ఉంటుంది.

"బాబాయ్‌గారూ, పక్కకి తిరిగి, కాళ్ళు కిందికి వదిలి, చేత్తో తోసుకుని లేవండి. అలా నడిచొద్దాం."

"నడవగలిగితే ఇక్కడికెందుకొస్తానమ్మా?"

"పడుకునేకొద్దీ బిగుసుకుపోతుందండీ. నొప్పెడితే నడుం విరిగిపోయినట్టు కాదు. కావాలంటే నన్ను తిట్టుకుంటూ నడవండి."

తిట్టుకుంటూనే వరండా చివరిదాకా వెళ్ళాను. ఇంట్లో బరువులెత్తుతారా అని అడిగింది. "మా ఆవిడని" అన్నాను. నర్సు ఫక్కున నవ్వింది. అమ్మ పక్షవాతం సంగతి చెప్పేసరికి పాపం నాలిక కరుచుకుంది.

"కొన్నాళ్ళు ఆవిడని ఎత్తకండి" అంది ఫిజియోథెరపీ పిల్ల.

అప్పుడు ఏడ్చాను. ఎత్తక్కర్లేదనగానే ప్రాణానికి ఎంత హాయిగా అనిపించిందో! ఆ హాయికి సిగ్గుపడి ఏడ్చాను. ఈ మాట నీకు తప్ప ఎవరికీ చెప్పుకోలేను.

ఆ పిల్ల నా పక్కనే స్టూలు లాక్కుని కూర్చుంది. "ఆవిడ మంచి కాలు నేలకి ఆనించి, ముందుకు వంగి లేవగలరేమో చూడండి. మీరు పక్కన ఆసరాగా ఉంటే చాలు" అని తనే లేచి చూపించింది.

నడుం కాస్త కుదుటపడ్డాక, దర్జీని తోడు పెట్టుకుని అమ్మను అలాగే లేవమన్నాను. కాలు వణికింది గానీ, లేచి నిలబడింది!

"ఈ మాత్రం ఎప్పట్నుంచో వచ్చు" అంది. మాట ఇంకా ముద్దగానే వస్తోంది.

"మరి చెప్పవేమే?"

"మీరంత ఇష్టంగా ఎత్తుతుంటే ఎలా చెప్పను?"

నువ్వు ఉద్యోగం మానకు.

ఇట్లు,
మీ అమ్మ పక్కన నిలబడి రాస్తున్న
నాన్న